బాంధవమాపకానికి అందని తమ్ముడు

పనుల మంజూరు కార్యాలయంలో రత్నమాల అరచేతిని గాజుపలక మీద ఆనించింది. బాంధవమాపక యంత్రం ఆమె జన్యురేఖనూ దరఖాస్తుదారు జన్యురేఖనూ సరిపోల్చి, ఏడు తరాల పెళ్లి నమోదులు గాలించి, పచ్చదీపం వెలిగించింది. "చుట్టరికం లేదు. సంతకానికి మీరు అర్హులు."

పొద్దుటి నుంచీ అన్నీ పచ్చదీపాలే. ఈ యంత్రంతో బావమరుదులకూ వియ్యంకులకూ పనులు కట్టబెట్టే రోజులు పోయాయని పెద్దలు జబ్బలు చరుచుకున్నారు. వాళ్ల సంబరం వాళ్లది.

ఈ ఫైలు దివిసీమ కరకట్టది. సముద్రం ఏటేటా లోపలికి వస్తోంది. కట్ట నిలిస్తేనే దాని వెనకున్న ఊళ్లు నిలుస్తాయి. ఈ పనికి దరఖాస్తు పెట్టిన కాంట్రాక్టరు వీరబాబు పంపిన కట్ట నమూనా ఉప్పునీటి పరీక్షలో బీటలు వారింది. అయినా చిన్న లోపమేనని రాసి ఆమోదించే అధికారం రత్నమాలకుంది.

వీరబాబు సుగుణమ్మ కొడుకు. పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న రత్నమాలకు పాలిచ్చి పెంచిన పక్కింటి పిన్ని ఆ సుగుణమ్మే. కులం వేరు, ఇంటిపేరు వేరు.

చెవిపూసలో అతని గొంతు వినిపించింది. "అక్కా, పచ్చదీపం వచ్చిందంటగా! మనం ఏమీ కామని మిషనే చెప్తుంటే ఇంకెవరడుగుతారు?"

"మరి నన్ను అక్కా అంటున్నావేంరా?"

అతను గొంతు తగ్గించాడు. "అమ్మ మొహం చూసైనా కానియ్యక్కా."

 పిన్ని మొహం చూసి కాదనడం రత్నమాలకు ఏనాడూ చేతకాలేదు. అందుకే ఈ సంతకం తను పెట్టకూడదు.

చేయి వెనక్కి తీసుకుంది. "చుట్టరికం ఉంది. ఇతను నా తమ్ముడు. ఈ ఫైలు వేరేవాళ్లకి పంపండి."

"ఆధారం లేదు. సంతకం చేయండి," అంది యంత్రం.

"పెట్టను. వాళ్లమ్మ పాలు తాగి పెరిగాను. అంతకన్నా ఆధారం నా దగ్గర లేదు."

పచ్చదీపం ఆరింది. ఎర్రదీపమూ వెలగలేదు. రత్నమాల సంతకం పెట్టకుండానే ఫైలు మూసింది.

"అమ్మకి ఏం చెప్పమంటావక్కా?" అన్నాడు వీరబాబు నీరసంగా.

"రాత్రికి భోజనానికి వస్తున్నానని చెప్పు. నువ్వు నమూనా మళ్లీ గట్టిగా కట్టు. మనమెవరో తెలియనివాళ్లు చూస్తార్లే."

అతను తిట్టలేదు. "చేపల పులుసు పెట్టమంటాను," అన్నాడు చివరికి. రత్నమాల కళ్లు తుడుచుకుంది.

పక్క బల్ల దగ్గర మరో అధికారి డేవిడ్‌రాజు సంతకానికి ఎత్తిన వేలు దించేశాడు. "మేడం, నా ఫైల్లో కూడా ఓ బాబాయి ఉన్నాడండి. మా నాన్న స్నేహితుడు. ఈ మిషన్‌కి ఎలా చెప్పాలండి?"

"నోటితోనే చెప్పండి," అంది రత్నమాల.

అతను చెప్పాడు. వెనక సీట్లో ఇంకెవరో తామూ చెప్పడానికి గొంతు సవరించుకున్నారు.