మూగమీట

2068 నాటికి గోదావరి జిల్లాల కోళ్లషెడ్లలో పొద్దున్నే చచ్చిన కోళ్లను ఏరే పని ఎవరికీ లేదు. డాక్టర్ వకుళ కనిపెట్టిన ‘మూగమీట’ పుణ్యమా అని పేగుజబ్బు పోయింది. క్లాస్ట్రిడియం అనే బాక్టీరియా కోడి పేగులోనే కాపురముంటుంది. అందులోని ఒక జన్యువు విషం తయారుచేస్తే పేగు గోడ కుళ్లిపోతుంది. ప్రతి షెడ్డులోనూ ఉన్న మూగమీట యంత్రం తాగునీటి గొట్టాల్లోకి, బాక్టీరియాలో మాత్రమే దూరే ఫేజ్ వైరస్‌లను పంపి, ఆ విషజన్యువు నోరు మూయిస్తుంది. పరీక్షల కోసం మళ్లీ నోరు తెరిపించే వీలు కూడా వకుళే పెట్టింది. దానికి ఆవిడ అనుమతి కావాలి.

కోళ్లు బతికితే రైతులు బాగుపడతారని శాస్త్రవేత్తలు అనుకుంటారు, పాపం. కోడి చావడం మానేసరికి మార్కెట్ నిండా కోళ్లే. రేటు పాతాళానికి పోయింది.

ఒకప్పుడు షెడ్డంతా చచ్చిపోతే వకుళ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చిన సూరిబాబు ఒకరోజు ల్యాబుకి వచ్చాడు.

“మా పక్క రైతు ఆ వెంకటరత్నం షెడ్డులో ఒక్కసారి నోరు తెరిపించండమ్మా. రేటు కాస్త లేస్తాది.”

“ఆ జబ్బుతో కోడి ఎలా చస్తుందో మీకు తెలీదా సూరిబాబుగారూ?”

“తెల్సు కాబట్టే నా షెడ్డు వద్దంటన్నానండి.”

అతన్ని పంపేసి వకుళ, అన్ని షెడ్లకీ కలిపి ఒకే బుర్రతో మాట్లాడే మూగమీట యంత్రాన్ని ల్యాబులోంచే అడిగింది. “నిన్ను ఇలా ఇంకెవరైనా అడిగారా?”

“రైతులందరూ అడిగారు, మేడమ్. వెంకటరత్నంగారు సూరిబాబుగారి షెడ్డు చెప్పారు. తమ షెడ్డులో తెరవమని మాత్రం ఎవరూ అడగలేదు.”

వకుళకి ఒళ్లు మండిపోయింది. రైతుసంఘం సమావేశంలో అందరి పేర్లూ బయటపెట్టింది.

“యంత్రం మీ సంఘం ఆస్తి. మీరంతా ఒక్కమాట మీద తీర్మానిస్తే అది మీ మాటే వింటుంది. నోరు తెరిపించే వీలు శాశ్వతంగా తీసేద్దాం, చేతులెత్తండి.”

సిగ్గుపడి ఎత్తుతారని ఆవిడ గట్టిగా నమ్మింది. ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ తలలు దించుకున్నారు. చివరికి వెంకటరత్నం లేచాడు.

“దొంగచాటు ఎందుకండీ? షెడ్లలో కొత్త కోడిపిల్లల్ని దింపిన ప్రతిసారీ చీటీలు తీద్దారి. ఎవరి పేరొస్తే ఆళ్ల షెడ్డు. నష్టం అందరం భరిద్దారి.”

“ఇదీ న్యాయం!” అంటూ సూరిబాబు అతన్ని వాటేసుకున్నాడు. అప్పుడు లేచాయి చేతులన్నీ.

“ఏకగ్రీవం,” అంది యంత్రం. “ఇక మీ అనుమతి అక్కర్లేదు, మేడమ్.”

చీటీలు మడిచి స్టీలు గిన్నెలో వేశారు. సూరిబాబు దాన్ని భక్తిగా తెచ్చి వకుళ ముందు పెట్టాడు.

“మీ చెయ్యి మంచిదమ్మా. మొదటి చీటీ మీరే తియ్యండి.”