రెండు వందల పద్నాలుగో వరుస

ఆదివారం సాయంత్రం. ఆఫీసు మూడో అంతస్తులో, జాబితాలు రాసే లిస్టక్క ఒక్కతే ఉంది. ఆ గదికి కిటికీ లేదు. ఏసీ రొద, పక్క బల్ల మీద పరీక్షల కోసం ఉంచిన వెంటిలేటరు, దానికి వేలాడే గొట్టం. అంతే.

ఆ వెంటిలేటరును నడిపే సాఫ్ట్‌వేర్‌లో బయటివాళ్లు రాసిన కోడ్ ముక్కలు రెండు వందల పద్నాలుగు. ఏది ఎవరిది, ఏ షరతు మీద వాడుతున్నారు, అందులో ఏ లోపం బయటపడింది, అన్నీ రాసిన జాబితా సాయంత్రం ఆరులోగా అందకపోతే ఆసుపత్రివాళ్లు మిషన్లు తీసుకోరు. మిగిలింది చివరి వరుస. ఊపిరి లెక్కపెట్టే ముక్క. అనుమతి గడి ఖాళీ.

అది బాబాయి ఇంట్లో కూర్చుని సొంతంగా రాసుకున్నది. ఆఫీసంతా బాబాయి అని పిలిచే ఆ పెద్దాయన దగ్గుబిళ్ల చప్పరిస్తూ ఆమె పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. పోయిన ఏడాది ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు.

మేనేజరు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు.

“అక్కా, ఏదో ఒకటి రాసి పంపెయ్.”

“ఏదో ఒకటి రాసేదానికి జాబితా ఎందుకు, కథ రాసుకుంటే పోలా? ఆయన బతికుండగా ఒక్క సంతకం తీసుకోండని మూడేళ్లు మొత్తుకున్నాను. రేపన్నారు, ఎల్లుండన్నారు. ఇప్పుడెక్కడికెళ్లి అడగను?”

“పోనీ, ఆ ముక్క పీకెయ్.”

పీకేసింది. అది లేని సాఫ్ట్‌వేర్‌ను వెంటిలేటరులోకి ఎక్కించి చూసింది. ఊపిరి లెక్క దగ్గర ఏమీ కనిపించకూడదు.

ఒకటి.

గొట్టం ఊరికే వేలాడుతోంది. ఎవరికీ తగిలించలేదు.

రెండు... మూడు...

పళ్లు నూరుకుంటూ మళ్లీ ఎక్కించింది. లెక్క మళ్లీ మొదలైంది. అప్పుడు తగిలింది వాసన... దగ్గుబిళ్ల వాసన.

కంప్యూటరు వైపు తిరిగింది. గడి ఖాళీగా లేదు.

“వాడుకోండి. అడిగితే అప్పుడే ఇచ్చేవాణ్ని.”

కింద బాబాయి పేరు. ఇవాళ్టి తేదీ.

ఫోన్ మోగింది.

“ఆ గడి నువ్వు నింపావా?” గుసగుసగా అడిగింది.

“పాస్‌వర్డు నీ ఒక్కదాని దగ్గరే కదక్కా. నిండిందిగా, పంపెయ్. ఆరుకి నాలుగు నిమిషాలే ఉన్నాయి.”

పంపేసింది. ఫోన్ చెవి దగ్గర ఉండగానే వెళ్లి వెంటిలేటరు ప్లగ్గు పీకింది. తెర ఆరిపోయింది.

“అక్కా...” మేనేజరు గొంతు తగ్గింది. “అక్కడ ఇంకెవరున్నారు? ఇద్దరు ఊపిరి తీస్తున్నట్టు వినపడుతోంది.”

ఆమె పక్క కుర్చీ వైపు చూడలేదు. ఊపిరి బిగబట్టింది.

“ఆ... ఇప్పుడు ఒక్కరిదే వినపడుతోందక్కా.”