సీసాలో పెట్టిన పేరు

మదనపల్లెకూ సముద్రానికీ ఉన్న సంబంధం మోకాలికీ బోడిగుండుకీ ఉన్నంతే. అయినా ఆ ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెప్పే మునిరత్నం సముద్రపు పురుగుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నాడు. ఒళ్లంతా కణుపులు కణుపులుగా ఉండి, ప్రతి కణుపుకూ రెండు పక్కలా ముళ్లకుచ్చులతో బురదలో పాకే పురుగులవి. వానపాముకు దాయాదులు; గుండె కూడా ఒక్కచోట కాదు, కణుపు కణుపునా కొట్టుకుంటుంది. సెలవులొస్తే పులికాట్ వెళ్లి, నడుంలోతు బురదలో దిగి వాటిని ఏరుకొచ్చేవాడు. స్పిరిటు సీసాల్లో వేసి, ముందు గదిలో అద్దాల బీరువా నిండా పేర్చేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ గదిలో కాఫీ కూడా ముట్టేవాళ్లు కాదు. భార్య మాలతి మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. ఆ సీసాల మీద దుమ్ము తుడిచేది కూడా ఆమే.

వాళ్లకు ఒక్కతే కూతురు. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు పుంగనూరులో పిల్ల పుట్టగానే మునిరత్నం తల్లి పార్వతమ్మ బిడ్డను చాటలో వేసుకుని పోయి పెంటకుప్ప మీద దొర్లించింది. పక్కింటామెకు గుప్పెడు తవుడికి అమ్మేసి, మళ్లీ కొనుక్కుంది. కుప్పమ్మ అని పేరు పెట్టింది. కుప్ప మీద దొరికినదాన్ని చావు కూడా చీదరించుకుని వదిలేస్తుందని ఆ వైపు వాళ్ల నమ్మకం. అసలు పేరు వేరే ఉంది. రేవతి. దాన్ని తండ్రి ఒకే ఒక్కసారి బిడ్డ చెవిలో చెప్పాడు. పిల్ల పెద్దదై, బోయకొండ గంగమ్మకు మొక్కు తీర్చేదాకా ఆ పేరు నోటితో పలకకూడదు, ఎక్కడా రాయకూడదు. ఇది పార్వతమ్మ పెట్టిన కట్టడి.

సైన్సు చదివినవాడు ఇలాంటివి నమ్ముతాడా అంటే, నమ్మడు. అలాగని అమ్మకు ఎదురు చెప్పేంత ధైర్యమూ లేదు. ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టినవాడికి నమ్మకం లేకపోయినా భయం ఉంటుంది. అందుకే బడిలో కూడా కుప్పమ్మ అనే రాయించాడు. ఇంగ్లీషు మీడియం బడి అది. పిల్లలు ఊరుకుంటారా? 'చెత్తకుప్ప, చెత్తకుప్ప' అని వెంటబడి ఏడిపించేవాళ్లు. పిల్ల ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకునేది. మునిరత్నం పక్కన కూర్చుని వీపు నిమిరేవాడు.

తొంభైల చివర్లో, ఆ బాధతోనే, చేయకూడని పని చేశాడు.

పులికాట్ బురదలో అతనికి ఒక కొత్త పురుగు దొరికింది. చిటికెన వేలంత పొడుగు, పక్కలకు బంగారు రంగు ముళ్లు. పుస్తకాలన్నీ తిరగేశాడు. ఇలాంటిదాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కొత్త జీవికి రెండు పేర్లుంటాయి. ఒకటి ఇంటిపేరులాంటిది, అది ముందే ఉంటుంది. రెండోది సొంతపేరు, దాన్ని కనుక్కున్నవాడు పెట్టాలి. లోకంలో ఎవ్వరూ నవ్వలేని చోట, ఎప్పటికీ చెరగని చోట తన బిడ్డ అసలు పేరు ఉండాలనుకున్నాడు మునిరత్నం. రేవతి అని రాసి, చివర లాటిన్ తోక తగిలించి, వ్యాసం పత్రికకు పంపాడు. అదే పేరును నల్లసిరాతో చిన్న చీటీ మీద రాసి పురుగున్న సీసాలో వేశాడు. తల్లికి చెప్పలేదు. పురుగు పేరు పురుగుదే కదా, పిల్లది కాదు కదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

అచ్చయిన కాగితాలు టపాలో వచ్చిన మధ్యాహ్నం సన్నగా వాన పడుతోంది. మాలతి పిల్లను తీసుకురావడానికి బడికి పోయింది. మునిరత్నం బీరువాకు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని, అచ్చులో ఉన్న ఆ పేరును ముచ్చటగా పైకి చదివాడు.

"నాన్నా..."

"ఆఁ, వస్తాండా తల్లీ," అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండానే.

తర్వాత తల ఎత్తాడు. గదిలో ఎవరూ లేరు. వాకిలి గడియ వేసే ఉంది. స్పిరిటు వాసన కాదు, ఇంకేదో వాసన... నీళ్లు వెనక్కి పోయినప్పుడు పులికాట్ బురద నుంచి లేచే వాసన. కాసేపటికి వీధిలో గొడుగు దులిపిన చప్పుడైంది. మాలతీ, పిల్లా అప్పుడు లోపలికి వచ్చారు.

చెవికి ఏదో తోచిందిలే అనుకున్నాడు.

ఆ వారంలోనే పిల్ల మారిపోయింది. కుప్పమ్మా అని పిలిస్తే పలకడం మానేసింది. మొండితనం కాదు. ఆ పిలుపు ఆమెది కానట్టు ఊరకే చూసేది. ఒళ్లు చల్లగా ఉండేది. వేళ్ల కొసలు రోజంతా నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉండేవి. వంటింట్లో ఉప్పుజాడీ దగ్గర కూర్చుని ఉప్పురాళ్లు నోట్లో వేసుకుని చప్పరించేది. కడుపులో నులిపురుగులేమోనని మాలతి మాత్ర వేసింది. బలానికి టానిక్కు తెచ్చారు. పిల్ల రోజురోజుకూ పలచబడింది. పక్కమీద పడుకుంటే, దుప్పటి కింద ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వచ్చేది.

కబురు తెలిసి పార్వతమ్మ పుంగనూరు నుంచి దిగింది. మనవరాలి మొహం చూసింది. ముడతల వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత కొడుకువైపు తిరిగింది.

"ఆ పేరు యాడన్నా పలికినావా?"

మునిరత్నం చేతిలోని టానిక్కు సీసా మూత బిగించాడు.

"అడిగేది నిన్నే అబ్బోడా. యాడ రాసినావు?"

బీరువావైపు చూపించాడు. ఆ ముసలామె సీసా దగ్గరకు పోయి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది అతనికి.

"సచ్చిన పురుగుకు బతికిన బిడ్డ పేరు పెడతారా నాయనా? పో, ఆ పేరు యెనక్కి తీసుకోని రా."

తెల్లారి మొదటి బస్సుకు కుప్పం బయలుదేరాడు. అతనికి ఆ పురుగుల చదువు నేర్పిన శంకరప్ప మేష్టారు రిటైరై అక్కడే ఉంటున్నాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే తల్లి వెనక నుంచి, "నువ్వు నీ దావన పోయిరా. ఈడ చెయ్యాల్సింది నేను చేస్తా," అంది. పిల్లకు దిష్టి తీస్తుందేమో అనుకున్నాడు.

శంకరప్ప అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మునిరత్నం నిజానికి అంతా చెప్పలేదు. పేరు తీసేయాలి, ఇంట్లో పిల్లకు బాగలేదు, అని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్పాలంటే నోరు రాలేదు.

"అచ్చయిన పేరును నువ్వూ తీయలేవు, నేనూ తీయలేను," అన్నాడు శంకరప్ప. "పెట్టినోడికి గూడా దానిమీద హక్కు ఉండదప్పా. మనం పోతాం, అది ఉంటాది."

"ఏ దారీ లేదా సార్?"

"లేదు. అది సరే, ఆ సీసా కలకత్తా మ్యూజియంకు పంపేసినావా?"

"స్పిరిటు పార్సిల్ పోస్టాఫీసులో తీసుకునేది లేదన్నారు సార్. సెలవుల్లో నేనే తీసుకపోదామని ఇంట్లోనే పెట్టినా."

"అయితే బద్రం. బురదలో లక్ష పురుగులుండనీ, పేరు మాత్రం సీసాలో ఉండే ఆ ఒక్క దేహానిదే. అది పోయిందనుకో, పేరు గాల్లో ఉండదు గదా. అట్లాంటిదే ఇంకొకదాన్ని ఎతికి, పేరు తెచ్చి దానికి కట్టాల. మన పద్ధతి అదే గదా. నీకు నేనే చెప్పినాను."

చెప్పాడు. పరీక్షలో ఆ ప్రశ్నకు మునిరత్నం జవాబు కూడా రాశాడు. ఇప్పుడు మాత్రం, సీసాలోది పోతే ఆ పేరు ఇంట్లో ఏ దేహాన్ని వెతుక్కుంటుందో తోచి, అతనికి తల్లి వాకిట్లో అన్న మాట గుర్తొచ్చింది. కాఫీ అట్లాగే వదిలేసి బస్టాండుకు పరిగెత్తాడు.

పలమనేరులో దిగి ఎస్టీడీ బూతు నుంచి తమ వీధిలో ఉన్న సుబ్బయ్య అంగడికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బస్సువాడు హారన్ కొడుతున్నాడు. ఎక్కి కూర్చున్నాడు. ఆ బస్సు చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆగింది. పుంగనూరులో డ్రైవరు టీకి దిగాడు. మునిరత్నం సీటు కమ్మీ పట్టుకుని, బీరువా తాళం వేశానా లేదా అని అదొక్కటే ఆలోచిస్తూ కూర్చున్నాడు. వేయలేదు. ఎప్పుడూ వేసేవాడు కాదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. కరెంటు లేదు. పార్వతమ్మ వాకిట్లో బుడ్డీ దీపం పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె మొహం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

"అయిపాయ నాయనా. ఇంక బయం లేదు."

"ఏం చేసినావమ్మా?"

"దాన్ని సీసాలో నుంచి తీసి, చీటీతో గూడా కుప్పలో పూడ్సినా. కుప్పకు ఇచ్చిందాన్ని ఎవురూ తాకరు. పిల్లకు ఒళ్లు యెచ్చగయింది, పోయి సూడు."

లోపలికి పోయాడు. నిజమే. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది. వేళ్ల మీద ముడతలు లేవు. బుగ్గల్లోకి రంగు వచ్చింది. మాలతి పక్కన కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. బీరువా పైన ఖాళీ సీసా కడిగి బోర్లించి ఉంది.

పార్వతమ్మ బుడ్డీ పట్టుకుని వచ్చి, ఇన్నేళ్లూ నాలుక మీదికి రానీయని పేరును మొదటిసారి పలికింది.

"రేవతీ..."

పిల్ల కళ్లు తెరిచింది. "ఆఁ, అవ్వా," అంది. చక్కగా నవ్వింది. ముసలామె మెటికలు విరిచింది. మాలతి వెక్కి వెక్కి ఏడ్చింది. మునిరత్నానికి కూడా ఏడుపు ముంచుకొచ్చింది. శంకరప్ప మాటలూ, బస్సులో పడిన నరకమూ అన్నీ ఉత్త భయాలేనని, ఆ ఒక్క నిమిషం పూర్తిగా నమ్మాడు.

అప్పుడు పెరటి వైపు నుంచి వినిపించింది.

"నాన్నా..."

మంచం మీద పిల్ల నోరు కదల్లేదు. ఆమె తండ్రినే చూస్తోంది.

"నాన్నా... నేను... కుప్పమ్మను..."

మాలతి ఏడుపు టక్కున ఆగింది. ఆమెకూ వినబడింది. వినబడిందని ఆమె కళ్లు చెబుతున్నాయి. పిల్లను రెండు చేతులతో ఒళ్లోకి లాక్కుంది.

"పోవద్దండీ," అంది గుసగుసగా. "మన బిడ్డ ఈడే ఉండాది. పోవద్దు."

పార్వతమ్మ బుడ్డీ కింద పెట్టింది.

మునిరత్నం టార్చి తీసుకుని పోయాడు. పెరటి గోడ అవతల సందులో వీధి వాళ్లందరి చెత్తకుప్ప. మార్కెట్లో ధర పడిపోయి పారబోసిన టమోటాలు నడుమెత్తున కుళ్లి ఉన్నాయి. ఆ పులుపు కంపు మధ్యలో... పులికాట్ వాసన. టార్చి వేసి చూశాడు. కుప్ప కదల్లేదు. దోమలు మాత్రం ముసురుకున్నాయి.

"యాడుండావు తల్లీ?"

"ఈడ... చలేస్తాంది నాన్నా..."

తవ్వాడు. చేతులతోనే తవ్వాడు. టమోటాలు చితికి మోచేతుల దాకా కారాయి. బూడిద వచ్చింది. పాత గుడ్డలు వచ్చాయి. గొంతు అక్కడే వినిపించేది. చేయి పెడితే... ఇంకొంచెం కింద. ఇంకొంచెం కింద. నేల తగిలింది. నేల తగిలినా, గొంతు దాని కింద నుంచి వచ్చింది. గడ్డపార తెచ్చాడు. పురుగు దొరకలేదు. చీటీ దొరకలేదు. "నాన్నా, నన్ను పిలువు," అంటోంది. పిలిచాడు. "కుప్పమ్మా... కుప్పమ్మా..." గొంతు పోయేదాకా పిలిచాడు. పిలిచినకొద్దీ ఆ జవాబు సన్నబడింది.

తెల్లవారి మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చింది. మనుషులు గంపలతో దిగారు.

"ఏం పోగొట్టుకున్నావు సార్? బంగారమా?" అని అడిగాడు ఒకతను జాలిగా.

మునిరత్నం ఏమని చెప్తాడు? కూతురని చెప్తాడా? ఆ కూతురు గోడ అవతల పళ్లు తోముకుంటోంది. పక్కకు జరిగి నిలబడ్డాడు. వాళ్లు గంప తర్వాత గంప ఎత్తి ట్రాక్టరులో పోశారు. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా ఆ వాసన వచ్చింది.

ఇంట్లో పిల్ల బాగుంది. అంత బాగా అంతకు ముందెప్పుడూ లేదు. పెట్టింది తింటుంది, పిలిస్తే పలుకుతుంది. బడిలో పేరు కూడా మార్పించింది పార్వతమ్మ. మునిరత్నానికి ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలంటే భయం. తీసుకోకుండా ఉండాలంటే పాపభీతి. ఇది నా బిడ్డే అయితే? అని రాత్రీ పగలూ తనను తానే కోసుకునేవాడు. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంటే, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ మీదే ఉంచేవాడు.

మనసు కుదుటపడుతుందని మాలతే ఇద్దరినీ మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు ప్రభుదాసు నిదానమైన మనిషి. పిల్ల నాలుక చూశాడు, కళ్లు చూశాడు. అంతా బాగుందమ్మా, ఏం భయం లేదు అన్నాడు. అలవాటుగా స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి విన్నాడు.

తర్వాత కొంచెం కిందికి జరిపి విన్నాడు. పక్కటెముకల దగ్గర విన్నాడు. దాని కింద... ఇంకా కింద, నడుం దగ్గర. ప్రతిచోటా ఆగి అంతసేపూ విన్నాడు. మాలతి ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపాడు. పిల్ల కదలకుండా, తండ్రినే చూస్తూ పడుకుంది. ఆయన ఆమె కాలును మెల్లగా పైకెత్తి, మోకాలి వెనక స్టెతస్కోపు పెట్టి కళ్లు మూసుకున్నాడు. అక్కడ కూడా చాలాసేపు విన్నాడు.