మాయమైన జిలెటిన్ పెట్టె

మ్యాగజైన్ కాపలాదారు కొండయ్యను పట్టపగలు కాల్చి చంపారు. జమ్మలమడుగు పక్కన సున్నపురాయి ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుడు సామాను దాచే గదిని మ్యాగజైన్ అంటారు. అందులోంచి ఒక జిలెటిన్ పెట్టె, కొన్ని డిటోనేటర్లు మాయమయ్యాయి.

మర్నాడే ఏజెంట్ ప్రేమానందం ప్రొద్దుటూరులో ఓ బట్టలంగట్లో అడుగుపెట్టాడు.

"పెండ్లికి పట్టుచీర కావాల."

"ఏ రంగు?"

"పెండ్లికూతురికి నచ్చని రంగు."

కోడ్ సరిపోయింది. అంగడి యజమాని వేషంలో ఉన్న చీఫ్ బదరీనారాయణ అతన్ని వెనకగదిలోకి లాక్కుపోయాడు.

"ఈ వారంలోనే పులివెందుల మిషన్ స్కూలు మైదానంలో రెండు పార్టీల ఫ్యాక్షన్ నాయకులు రాజీపడతాండారు. ఆడ బాంబు పేలితే ఒకరి మీద ఒకరికి అనుమానం. జిల్లా తగలబడతాది. యురేనియం సర్వే ఆగిపోతాది. విదేశీ ముఠాకు కావాల్సింది అదే."

ఆ సభలో ప్రార్థనగీతానికి హార్మోనియం వాయించేది ప్రేమానందాన్ని పెంచిన అక్క సారమ్మ.

"సభ ఆపేద్దాం సార్!"

"రాజీ చెడినా వాళ్ళే గెలిచినట్టు. పెట్టె పట్టుకో. గనిలో మేనేజర్ స్టెనోగా మన ఏజెంట్ నిర్మల ఉండాది." చీఫ్ ఒక సిగరెట్ లైటర్ చేతిలో పెట్టాడు. "కెమెరా. జాగ్రత్త."

ఆ అద్భుత పరికరం గని గేటు దాటితే ఒట్టు! నిప్పు సరంజామా ఏదైనా లోపలికి రానియ్యరు కదా, గేటు దగ్గరే లాక్కున్నారు.

లోడింగ్ కూలీ వేషంలో ప్రేమానందం వ్యాన్‌కు జిలెటిన్ పెట్టెలు ఎక్కించాడు. సాయంత్రానికి తలనొప్పితో తల పగిలిపోయింది. డ్రైవర్ గఫూర్ పడీపడీ నవ్వాడు.

"కొత్తగా జిలెటిన్ ముట్టుకుంటే అంతేప్పా! మాకు అలవాటైపోయిండాది."

ఈ నవ్వేంది? ప్రేమానందానికి అందరిమీదా అనుమానమే, గఫూర్ మీద మరీను. జిలెటిన్ ఒక బండిలో, డిటోనేటర్లు వేరే బండిలో పోవాలని రూలు. రెండు బండ్ల తాళాలూ గఫూర్ దగ్గరే. పైగా "వాణ్ణి వదలకు" అని నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ నిర్మల చెవిలో ఊదింది. అబ్బ, ఆ షిఫాన్ చీర, ఆ సెంటు! ఆమె చెబితే నమ్మని మగాడెవడు?

రాజీ రోజు పొద్దున నిర్మల ఆఫీసులో తల పట్టుకుని కూర్చుంది.

"తల పగిలిపోతోంది ప్రేమ్. మీ అక్కయ్యకు కానుకగా కొత్త హార్మోనియం నేరుగా వేదిక మీదికే పంపించాను. నిన్నంతా నా చేతుల్తోనే సర్దాను."

ప్రేమానందం నిలబడిపోయాడు. మ్యాగజైన్ వైపే రాని మనిషికి ఈ తలనొప్పి ఎక్కడిది?

"జిలెటిన్ యాడ ముట్టుకున్నావు?"

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసింది. కొండయ్యను కాల్చింది ఎవరో ఇక అడగనక్కర్లేకపోయింది. అతను టైప్‌రైటర్‌ను ఆమె ఒళ్ళోకి తోసి, పిస్తోలు లాక్కుని, గదికి తాళం వేశాడు. ఫోన్ ఎత్తితే లైన్ లేదు. పరుగున వెళ్ళి గఫూర్ ఎదుట నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ దొంగలా చూసిన మనిషిని బతిమాలడానికి సిగ్గేసింది.

"మామా, మా అక్క సచ్చిపోతాది. పులివెందులకు తోలు!"

"నన్ను అనుమానిస్తాంటివి గదప్పా?"

"అవును మామా. తప్పయింది."

"సరే, ఎక్కు!"

వ్యాన్ మీద ఎర్రజెండా, ముందర పెద్దక్షరాల్లో 'పేలుడు పదార్థాలు'. బండి ఖాళీదని ఎవరికి తెలుసు? ఫ్యాక్షన్ జీపులు సైతం రోడ్డు దిగి దారిచ్చాయి.

మైదానంలో సారమ్మ ఒక చెయ్యి హార్మోనియం మెట్ల మీద ఉంచి, రెండో చెయ్యి తిత్తి మీదికి తీసుకుపోతోంది.

"అక్కా, చెయ్యి తియ్యి!"

"ఏందిరా, ప్రార్థనకు అడ్డమొస్తాండావు? నోరు ముయ్యి!"

అతను వేదికెక్కి ఆమెను ఎత్తి పక్కన కూలేశాడు. పలక విప్పితే లోపల జిలెటిన్ కడ్డీలు, తిత్తికి కట్టిన డిటోనేటర్ తీగ. ఒక్కసారి గాలి కొడితే చాలు. అతను ఆ తీగ విడదీశాడు. సారమ్మ తమ్ముణ్ణి వాటేసుకుని భోరుమంది.

నాయకులిద్దరూ లేచారు. "నీ పనే!" అంటే "నీ పనే!" అనుకున్నారు. అనుచరుల చేతులు నడుముల దగ్గరికి పోయాయి. ప్రేమానందం నడుమ నిలబడి నిర్మల సంగతీ, ముఠా సంగతీ గొంతు చించుకుని చెప్పాడు. మెల్లగా చల్లబడ్డారు. సారమ్మ కళ్ళు తుడుచుకుని ఉత్త గొంతుతోనే పాట అందుకుంది.

పాట అయిపోయింది. కూర్చోబోతూ నాయకులిద్దరూ ఆగి, తమ కుర్చీల కిందికి అనుమానంగా వంగి చూసి, జన్మలో మొదటిసారి ఒకే మాట మీదికొచ్చారు: ముందు కుర్చీలు మార్చుకుందామని!