గోళ్ళ రంగు

కడుపులోకి గొట్టం వేసి చూసే ఆ గది ఆపరేషన్ థియేటర్ కాదు. కింది అంతస్తులో, మందుల కొట్టు పక్కన, ఒక మంచం, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకెల్లో చూపించే ఒక మిషను, దాని వైరు చివర రోగి వేలికి తగిలించే క్లిప్పు. పదిహేనేళ్ళుగా అక్కడ పెద్ద డాక్టరుది ఒంటిచేతి పెత్తనం. మత్తు తనే ఇచ్చేవాడు, గొట్టం తనే వేసేవాడు. రోగి ఊపిరి చూడ్డానికి ఇంకో మనిషి దండగ అనేవాడు.

ఈ మిట్టమధ్యాహ్నం ఆ మంచం మీద ఆయనే పడుకున్నాడు. కడుపులో పుండు.

"అలారం ఆపొద్దు. నా తల దగ్గర్నుంచి నువ్వు కదలొద్దు," అన్నాడు సిస్టరుతో.

"అంత భయమా సార్? రోజూ మీరు చేసేదేగా!" అని నవ్వింది. ఆమె కొత్తగా చేరింది. పాత సంగతి తెలియదు.

ఆయనకు తెలుసు. కిందటేడు ఇదే మంచం మీద ఒకమ్మాయి పడుకుంది. బట్టలు కుట్టి బతికేది. ఎర్రరంగు గోళ్ళు. "గురక పెడితే నవ్వకండి డాక్టరుగారూ," అంది. గురక పెట్టింది. కాసేపటికి మానేసింది. అంకెలు పడిపోయి అలారం గీపెట్టింది. "గోళ్ళ రంగుకి మిషను తప్పు చూపిస్తోంది," అని అలారం నోరు నొక్కేసి, అప్పటి సిస్టరును తర్వాతి రోగి కోసం పంపేశాడు. తిరిగి చూసేసరికి ఆ పిల్ల పెదాలు నీలం. కాగితంలో గుండె ఆగిందని రాసి చేతులు దులుపుకున్నాడు.

ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరు మత్తు ఎక్కించాడు. గదినిండా స్పిరిటు వాసన. దాని అడుగున ఇంకో వాసన... ఘాటుగా... గోళ్ళ రంగుది.

చల్లటి వేళ్ళేవో ఆయన చెయ్యి అందుకున్నాయి. సిస్టరు తల దగ్గరుంది. చిన్న డాక్టరు గొట్టం పట్టుకుని ఉన్నాడు. మరి ఈ చెయ్యి...?

చెవి పక్కన గుసగుస. "గురక పెడితే నవ్వనులెండి, డాక్టరుగారూ."

పరీక్ష అయిపోయి గొట్టం తీశారు. చిన్న డాక్టరు చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళాడు. పెద్ద డాక్టరుకు అన్నీ వినిపిస్తున్నాయి, కనిపిస్తున్నాయి. నాలుక లేవడం లేదు. ఛాతీ కదలడం లేదు. మిషను మీద తొంభై. ఎనభై నాలుగు. డెబ్బై ఏడు...

అలారం మోగింది. అమ్మయ్య!

సిస్టరు వంగి, క్లిప్పు ఉన్న వేలు చూసి పక్కున నవ్వింది.

"ఇదేంటి సార్, ఈ సరదా ఎప్పట్నుంచి? గోళ్ళ రంగుకి మిషను తప్పు చూపిస్తోంది." అలారం నొక్కేసింది. "తర్వాతి వాళ్ళని పిలుచుకొస్తా."

చెప్పుల చప్పుడు తలుపు దాటింది.

అరవై... చప్పుడు లేదు. తొమ్మిది గోళ్ళూ ఎర్రగా, ఇంకా తడిగా ఉన్నాయి.

చిటికెనవేలు ఒక్కటే మిగిలింది. చల్లటి చెయ్యి తీరిగ్గా దాన్ని అందుకుంది.