నోరు తెరిచే బాడిస

ఆ రోజు జరగవలసిన పనులు ఇవి.

ఫరో ఖేపర్‌హోతెప్ శవపేటికను పడవ మీద నది దాటించి పడమటి ఒడ్డుకు చేర్చాలి. ఎర్ర ఎడ్లు దాన్ని ఇసుకలో లాగుతుంటే ముందు పాలు చల్లుతూ నడవాలి. ఏడ్చే ఆడవాళ్లు నెత్తిన పోసుకోవడానికి తడిమట్టి సిద్ధంగా ఉంచాలి. సమాధి వాకిట్లో పేటికను నిలబెట్టి, ఆకాశం నుంచి రాలిన ఇనుముతో చేసిన వడ్రంగి బాడిసతో రాజు పెదవులు తాకాలి. అది కొడుకు చేయవలసిన పని. అది జరిగితేనే తండ్రికి ఆ లోకంలో తినే నోరు, మాట్లాడే నోరు వస్తాయి. ఆ నోరు తెరిచినవాడే తరువాతి ఫరో.

అంతవరకు ఏడేళ్ల రాకుమారుడు నెబ్‌మెస్ ప్రాణాలతో ఉండాలి.

ఆ చివరి పని ఒక్కటే ఏజెంట్ పషేదుది.

ముందురోజు ఉదయం రాజుగారి ధాన్యపు కొట్టు వెనకాల బ్రీఫింగ్ జరిగింది. గూఢచారి శాఖ చీఫ్ మెర్యుకి పళ్లు లేవు. వాసెత్ నగరపు ఇసుక కలిసిన రొట్టెలు తిని తిని అరిగిపోయాయి. రొట్టెను బీరులో నానబెట్టుకుని చప్పరిస్తూ మాట్లాడతాడు.

"తిన్నావా?"

"తిన్నాను దొరా."

"అబద్ధం. నువ్వు పనిలో ఉన్నప్పుడు తినవు. సరే విను. ఉత్తరాన ఉన్న హత్తి దేశపు మనిషి ఒకడు ఊళ్లో దిగాడు. నూనె జాడీల మధ్య దాక్కుని వచ్చాడు. మొహం తెలియదు. పేరు జిదీ అంటున్నారు, అదీ అసలు పేరు కాదు."

"టార్గెట్?"

"చిన్నదొర."

"ఎక్కడ?"

"అందరి ముందు." చీఫ్ గొంతు తగ్గించాడు. "బాడిస పట్టుకుని తండ్రి ఎదుట నిలబడ్డ పిల్లవాడు అక్కడికక్కడే కుప్పకూలాలి. అది హత్య అని ఎవడంటాడు? కన్నతండ్రే కొడుకుని కాదన్నాడంటారు. రాజుగారి అన్న కొడుకు సెన్‌బి పక్కనే ఉంటాడు. బాడిస అందుకుంటాడు, నోరు తెరుస్తాడు, సింహాసనం ఎక్కుతాడు. ఆ తరువాత మనమంతా హత్తి రాజుకి కప్పం మోస్తాం."

"వాయిదా వేస్తే?"

"డెబ్భై రోజుల దుఃఖం రేపటితో సరి. చచ్చినవాడు ఆగడు నాయనా." చీఫ్ గడ్డం బరబరా గోక్కున్నాడు. "ఈ దురద కూడా రేపటితో సరి. రాజు పోతే మగవాడన్నవాడు గడ్డం గీసుకోకూడదని ఎవడు పెట్టాడో! పూజారులకు ఆ నియమం లేదు, అదృష్టవంతులు. రేపు పని కాగానే మంగలిని కౌగిలించుకుంటాను."

పషేదు నవ్వలేదు. "జిదీ ఎక్కడ దాక్కున్నాడు?"

చీఫ్ రొట్టె ముక్కను బీరులో వదిలేశాడు. "మెరిసెత్ రాణి గదుల్లో."



మెరిసెత్ హత్తి రాజు కూతురు. సంధి కుదిరిన ఏడాది, వెండితో పాటు, గుర్రాలతో పాటు ఫరోకి భార్యగా పంపారు. అప్పటికి పధ్నాలుగేళ్లు. ఈజిప్టు వాళ్లు ఆమెకు కొత్త పేరు పెట్టి పాత పేరు మరిచిపోయారు. పుట్టింటి వాళ్లు ఆమె రాణి అవుతుందని పంపలేదు, కబుర్లు మోస్తుందని పంపారు. రెండేళ్లపాటు మోసింది. ఆ తరువాత ఒకరోజు బాతులమ్మే వేషంలో ఉన్న పషేదుతో, "నాకు ఇక్కడి పిల్లవాడొకడు అలవాటయ్యాడు. వాడి ఇల్లు కాల్చలేను," అంది. ఆనాటి నుంచి ఆమె పుట్టింటికి పంపే ప్రతి కబురూ చీఫ్ మెర్యు వండి ఇచ్చిందే. రిపోర్టుల్లో ఆమెకు కోడ్‌గా ఆమె అసలు పేరే పెట్టారు. అల్లిహేపా. దేశంలో ఎవరికీ గుర్తులేని పేరు కంటే భద్రమైన కోడ్ ఏముంటుంది?

"ఆమె మన మనిషి దొరా."

"మన మనిషైతే కబురేది? వారం నుంచి ఆ ఇంటి నుంచి సిగ్నల్ లేదు. జొరబడి వెతుకుదామంటే హత్తి రాజు కూతురి గది అది, యుద్ధమొస్తుంది. వెళ్లు, బాతులమ్ముకో. ఆమె ఎవరి మనిషో చూసిరా."

పషేదు ఆ మధ్యాహ్నమే బాతుల గంప నెత్తిన పెట్టుకుని అంతఃపురం వెనక గుమ్మంలో నిలబడ్డాడు.

"గింజలు మేసిన బాతులమ్మా! నది బాతులు!"

లోపల మెరిసెత్ చాప మీద కూర్చుని ఉంది. విరబోసిన జుట్టు నేలను తాకుతోంది. ఎదురుగా రాకుమారుడు నెబ్‌మెస్ తేనె రొట్టె నములుతూ పలక మీద పావులు జరుపుతున్నాడు.

"నువ్వు దొంగాట ఆడుతున్నావు," అన్నాడు పిల్లవాడు.

"ఓడిపోయేవాడికి అన్నీ దొంగాటలే కనిపిస్తాయి. జరుపు."

పిల్లవాడు పావు జరపలేదు. "పిన్నీ, రేపు నోరు తెరవగానే నాన్న నన్ను తిడతాడా? ఆయన విల్లు విరగ్గొట్టింది నేనే. చెప్పేలోపే పోయాడు."

మెరిసెత్ వాడి నోటి చుట్టూ అంటిన తేనె తుడిచింది. "తిట్టడు. డెబ్భై రోజులుగా ఉప్పులో పడుకున్నాడు కదా, దాహంగా ఉంటుంది. ముందు నీళ్లడుగుతాడు."

పషేదు దగ్గాడు. ఆమె తలెత్తింది. 'ఒక బాతు కుంటుతోందే' అని ఆమె అనాలి. అది వాళ్ల కోడ్. అంటే అంతా బాగున్నట్టు. ఆమె అనలేదు. ఆమె చూపు అతని మాసిన గడ్డం మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది.

"దుఃఖంలో ఉన్న ఇంటికి బాతులేంటి? బుద్ధుండక్కర్లా? పో."

"అమ్మగారూ, ధర తగ్గిస్తాను..."

"పొమ్మన్నానా! ఇంకెప్పుడూ రాకు."

వెనక గది గుమ్మానికి తెర వేసి ఉంది. గాలి లేదు, కానీ తెర కదిలింది. పషేదు కళ్లు గది చుట్టూ తిరిగి ఒకచోట ఆగిపోయాయి. బల్ల మీద నూనె గిన్నె, దాని పక్కన కంచు మంగలికత్తి. దేశమంతా గడ్డాలు పెంచి ఏడుస్తున్న రోజుల్లో, మొగుడు పోయిన ఇంట్లో, నూరిపెట్టిన మంగలికత్తి. ఈమెకు దుఃఖం కూడా లేదన్నమాట అనుకున్నాడు.

సాయంత్రం చీఫ్‌కి రిపోర్ట్ ఇచ్చాడు. "వాళ్ల మనిషే దొరా. నేనే మోసపోయాను."

"అయితే రేపు ఆమె మీదే కన్నుంచు," అన్నాడు చీఫ్.

మరునాడు పషేదు బీరు కుండలు మోసేవాళ్లలో కలిసి నిలబడ్డాడు. సమాధి వాకిట్లోకి ఆయుధాలతో ఎవరూ రాకూడదు. అతని దగ్గర ఉన్నదల్లా వేలికి పేడపురుగు బొమ్మ ఉంగరం. బొమ్మ నొక్కితే మత్తుమందు ముల్లు బయటికొస్తుంది.

శవపేటిక నిలబెట్టారు. దాని మీద చెక్కిన మొహం తూర్పుకి చూస్తోంది. భార్యలు పేటిక పాదాల దగ్గర మోకరిల్లి తడిమట్టి నెత్తిన పోసుకుంటున్నారు. ఏడుపులు కొండకు తగిలి రెట్టింపై తిరిగొస్తున్నాయి. సమాధిలోకి వెళ్లే సామాన్లు చేతులు మారుతూ వస్తున్నాయి. ధూపం, నీళ్లు, వేట కుర్చీ. చివర పనిముట్ల పళ్లెం.

పషేదు ఏ చేతుల వైపూ చూడలేదు. మెరిసెత్‌నే చూస్తున్నాడు. ఆమె చేయి కదిలితే చాలు, దూకుదామని.

ఆమె చేయి కదిలింది. గుప్పెడు మట్టి తీసుకుంది. అందరిలా నెత్తిన పోసుకోలేదు. పషేదు కళ్లలోకి సూటిగా చూస్తూ ఆ మట్టిని తన చుబుకానికి పూసుకుంది. ఒకసారి. మళ్లీ ఒకసారి. ఏ దేశపు ఆడదీ అలా ఏడవదు.

పషేదు తల తిప్పి చూశాడు.

సామాన్లు మోసేవాళ్లు వరసగా నిలబడ్డారు. అందరి తలలకూ తెల్ల గుడ్డ, అందరి మొహాల మీదా మాసిన గడ్డం. ఒక్కడికి తప్ప. పళ్లెం పట్టుకున్నవాడి గడ్డం కోడిగుడ్డులా నున్నగా మెరుస్తోంది. వాడు కూడా పక్కవాళ్లను అప్పుడే చూసినట్టున్నాడు. ఒక చేయి గడ్డం మీదికి వెళ్లింది.

మంగలికత్తి ఎందుకో పషేదుకి అప్పుడర్థమైంది. ఊరు చూడకుండా వచ్చినవాడికి ఈ దుఃఖపు గడ్డాల సంగతి తెలియదు; వాడు గోడల మీది బొమ్మల్లో చూసిన ఈజిప్టు మగవాడు నున్నగా ఉంటాడు. తెర వెనక కత్తితో కూర్చున్నవాడి ముందు ఆమె కోడ్ పలకకపోవడమే హెచ్చరిక. వాడికి నున్నగా గడ్డం గీసి, గుంపులో దాక్కోలేనట్టు చేసి పంపింది.

పషేదు అడుగు వేసేలోపు పళ్లెం చిరుతపులి తోలు కప్పుకున్న పూజారి చేతికి వెళ్లిపోయింది.

కుండ దించి, పడబోయినట్టు జిదీ మెడ మీద చేయి వేసి ఉంగరం నొక్కాడు. మనిషి మోకాళ్ల మీద కూలిపోయాడు.

"అయ్యో, ఏమైందన్నా?" అన్నాడు పక్కవాడు.

"రాజుగారంటే ప్రాణం వీడికి. తట్టుకోలేకపోయాడు."

"పుణ్యాత్ముడు!" ఆ పక్కవాడు కళ్లు తుడుచుకున్నాడు.

కళ్లు మూతపడే ముందు జిదీ నవ్వాడు. చూపు పూజారి చేతిలోని బాడిస మీద ఉంది. దాని పిడి మీద. విషం అక్కడ పూశాడని పషేదుకి తెలిసిపోయింది. పూజారి బాడిసను కొన దగ్గర పట్టుకుని పిడిని పిల్లవాడి వైపు తిప్పుతున్నాడు. అరిస్తే కర్మ ఆగిపోతుంది. ఆగిన కర్మను సెన్‌బి అందుకుంటాడు. పరిగెత్తినా మధ్యలో మనుషులు, ఎడ్లు. వచ్చిన క్షణమే పళ్లెం వైపు చూసి ఉంటే!

పషేదు మెరిసెత్ వైపు చూసి తన అరచేతిని గట్టిగా మూసి తెరిచాడు. పిడి.

ఆమె మోకాళ్ల మీదే ముందుకు జరిగి బాడిసను అందుకుంది.

"పిల్లవాడికి బరువు. నేను పట్టిస్తాను," అంది.

పిల్లవాడి వేళ్లు తాకేలోపే పిడి చుట్టూ ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. కనుబొమ్మ ఒక్కసారి అదిరింది. అంతే. భుజం మీది పైగుడ్డ తీసి పిడికి మందంగా చుట్టి, ఆ గుడ్డ మీద నెబ్‌మెస్ చేయి పెట్టి, ఆ చేతి మీద తన చేయి వేసింది.

"పిన్నీ, నీ చేయి వణుకుతోంది."

"నీకు లేదా భయం? నాకూ అంతే. పద."

ఇద్దరూ కలిసి బాడిస ఎత్తారు. ఇనుము చెక్క పెదవులను తాకింది. పిల్లవాడు మునివేళ్ల మీద లేచి, అందరికీ వినబడేలా అడిగాడు.

"నాన్నా, నీళ్లు కావాలా?"

వాకిలంతా గొల్లుమంది. సెన్‌బి మొహం మాత్రం కాలిన ఇటుకలా ఉంది. పూజారి కొత్త ఫరో పేరు పలికాడు.

మెరిసెత్ వెనక్కి జరిగి పేటిక పాదాలను రెండు చేతులతో చుట్టుకుని తల ఆనించింది. కర్మ మధ్యలో మనిషి పడిపోతే అపశకునం. ఆమె పడలేదు. పూజ ముగిసింది, పేటిక లోపలికి తీసుకువెళ్లాలి, లేవమ్మా అని ఎవరో భుజం తట్టారు. అప్పుడు తెలిసింది.

మరునాడు చీఫ్ మెర్యు మొహం పొట్టు తీసిన ఉల్లిపాయలా మెరుస్తోంది.

"ఆపరేషన్ సక్సెస్. జిదీ నోరు విప్పాడు. 'నాకు గడ్డం గీసింది ఆమే, ఆమే' అని ఒకటే గొణుగుడు. సెన్‌బిని ఎడారి గనులకు పంపేశాం. హత్తి రాజుకి కబురు పంపాం. మీ అమ్మాయి భర్త లేకుండా బతకలేకపోయింది అని. వాళ్లు నమ్మినట్టు నటిస్తారు. మనం వాళ్లు నమ్మారని నమ్మినట్టు నటిస్తాం. సంధి నిలబడుతుంది."

"ఆమె పేరు రాతి మీద చెక్కిస్తారా?"

"ఏ పేరు? ఏం చేసిందని?"

"పేరు లేకుండా పూడిస్తే అక్కడ ఆమెను ఎవరు పిలుస్తారు దొరా?"

చీఫ్ రొట్టెను చాలాసేపు నానబెట్టాడు. అది విడిపోయి అడుగుకి చేరింది. "వెళ్లి గడ్డం గీసుకో నాయనా," అన్నాడు చివరికి.

"ఇంకో డెబ్భై రోజులు పెంచుతాను."

సరిగ్గా డెబ్భయ్యో రోజున కొత్త ఫరో అతన్ని పిలిపించాడు. పెద్ద కుర్చీలో కాళ్లు నేలకు అందక ఊగుతున్నాయి.

"బాతులాయనా, పిన్ని నోరు ఎవరు తెరుస్తారు?"

"కొడుకు తెరవాలి ప్రభూ. ఆమెకు పిల్లల్లేరు. పరాయి దేశపు ఆమె కోసం ఫరో రాకూడదంటారు."

"నేను ఆమె చేతి తేనె రొట్టెలు తిన్నాను కదా?"

పషేదు వెళ్లి బాతుల గంప తెచ్చాడు.

పేరులేని వాళ్లను పూడ్చే గుంట దగ్గర, ఎండకి అందరూ నీడ వెతుక్కునే వేళ, కాపలావాడు ఆపాడు.

"ఏం బాతోయ్ అంత బరువు?"

"రాజుగారి బాతు."

"తుమ్ముతోందేంటి?"

"దానికి ఈకలు పడవన్నా."

"బాతుకి ఈకలు పడవా! నా పెళ్లానికి నేను పడనట్టు," అంటూ కాపలావాడు పకపకా నవ్వి దారి వదిలాడు.

ఎగువ, దిగువ ఈజిప్టుల ప్రభువు గంపలోంచి ఈకలు దులుపుకుంటూ దిగాడు. బాడిస లేదు, చిరుతపులి తోలు లేదు. చిన్న పెట్టె, దాని మీద ఖాళీ చెక్క. పిల్లవాడు మోకరిల్లి చిటికెన వేలు చాచాడు.

"పేరు చెప్పు. మెరిసెత్ కాదు. వాళ్లమ్మ పెట్టింది."

పషేదు చెప్పాడు.

పిల్లవాడు వేలితో పెదవుల చోట తాకాడు. "అల్లిహేపా," అన్నాడు. "నీళ్లు కావాలా?"

గంపలో తెచ్చిన కూజా వంచి ఇసుకలో పోశాడు. ఇసుక తాగేసింది.

పషేదు ఆ సాయంత్రం గడ్డం గీసుకున్నాడు.

ఆ పేరు ఏ రాతి మీదా లేదు. చనిపోయినవాళ్ల పేరు ఎవరైనా నోటితో పలికినంతకాలం వాళ్లు బతికే ఉంటారని ఆ నది ఒడ్డు వాళ్ల నమ్మకం. ఏజెంట్ పేరు బయటపెట్టడం ఆ వృత్తిలో నేరమని కూడా వాళ్లకు తెలుసు. చదివినవాళ్లను కోరేది ఒక్కటే. ఈసారికి ఆ నేరం చేయండి. ఒక్కసారి పైకి అనండి, ఆమెను గుర్తుంచుకోండి. అల్లిహేపా.