ఒక గరిటె పెరుగు

“మిక్సీ మూత గట్టిగా నొక్కావా? ఎగిరొచ్చి కంట్లో పడిందంటే?” హాల్లోంచి అడిగింది త్రివేణి.

“అమ్మా! ఇంకా స్విచ్చే వేయలేదు!” అంది దేదీప్య.

అది అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో వాళ్ల అపార్ట్‌మెంట్. కింది ఇంటి కావ్యశ్రీ ఆడుకోవడానికి వచ్చింది. ఇద్దరూ ఫిఫ్త్ గ్రేడ్. పాలు తాగితే కావ్యశ్రీకి కడుపునొప్పి. బర్త్‌డే పార్టీల్లో అందరూ ఐస్‌క్రీమ్ తింటుంటే తను చిప్స్ నములుతూ కూర్చుంటుంది.

అందుకే దేదీప్య కావ్యశ్రీ కోసం పీనట్ బటర్ షేక్ చేస్తానంది. ఐస్‌క్రీమ్ వద్దు, చక్కెర వద్దు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన అరటిపండు ముక్కలు, కాస్త పీనట్ బటర్, ఒట్టి బాదంపప్పు రుబ్బి తీసిన బాదం పాలు. కడుపుకి తేలిగ్గా ఉంటుంది.

“మామూలు పాలు ఒక్క చుక్క కూడా వద్దు,” అంది కావ్యశ్రీ.

“నాకు తెలుసులేవే! నువ్వెళ్లి గేమ్ సర్దు.”

మిక్సీ తిరిగింది. దేదీప్య రుచి చూసింది. రుచి బాగానే ఉంది కానీ నీళ్లనీళ్లగా ఉంది. షేక్ అంటే స్ట్రాలో కష్టపడి ఎక్కాలి కదా! ఫ్రిజ్ తెరిస్తే ఎదురుగా అమ్మ తోడుపెట్టిన పెరుగు.

వాళ్లింట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా పెరుగన్నమే మందు. పెరుగు చలవ చేస్తుందని అమ్మ రోజూ చెబుతుంది. పైగా అది పాలు కాదుగా! ఒక గరిటె వేసి మళ్లీ తిప్పింది. చిక్కగా వచ్చింది.

“అబ్బ, ఎంత బాగుందో! ఏం వేశావే?” అంది కావ్యశ్రీ.

“సీక్రెట్!”

కావ్యశ్రీ గ్లాసు ఖాళీ చేసేసింది.

గేమ్ సగంలో ఉండగానే కడుపు పట్టుకుని సోఫాలో ముడుచుకుపోయింది. త్రివేణి గబగబా దగ్గరికొచ్చింది.

“పల్లీలు పడలేదేమో! ఊపిరి ఆడుతోందా తల్లీ? పెదాలు వాచాయా? ఏదీ, చూడనీ!”

ఫోన్ చేయగానే కావ్యశ్రీ వాళ్లమ్మ నళిని పరుగున వచ్చింది.

“పల్లీలు ఎప్పుడూ తింటుందే!” అంది.

“కొత్తగా మొదలైందేమోనండీ! ఎమర్జెన్సీకి వెళ్దామా?”

“డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా పీనట్ బటర్ బంద్.”

కావ్యశ్రీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “ఐస్‌క్రీమ్ మానేశా. పిజ్జా మానేశా. ఇప్పుడు అదీనా, మమ్మీ?”

దేదీప్య ఫ్రిజ్ వైపు చూసింది. పెరుగు వల్లేనేమో! చెబితే కావ్యశ్రీ ఇక తనతో మాట్లాడదు. చెప్పకపోతే పాపం, ఏ తప్పూ లేని పీనట్ బటర్ మానేస్తుంది.

“పెరుగు వేశాను ఆంటీ,” అంది గబగబా. “చిక్కగా రావాలని. ఒక గరిటె.”

నళిని సోఫాలో కూలబడింది. “హమ్మయ్య! పెరుగూ పాలతో చేసిందేగా నాన్నా. కొందరికి పడుతుంది, దీనికి పడదు. భయపడకండి త్రివేణిగారూ, తగ్గిపోతుంది.”

“పెరుగూ పడదా?” త్రివేణి గుండె మీద చెయ్యేసుకుంది. “అయ్యో రామా, నేనిప్పుడు పెరుగన్నం కలిపి పెడదామనుకున్నానే!”

నళిని నవ్వేసింది. కావ్యశ్రీ మాత్రం నవ్వలేదు. “ఏం వేశావని నేను అడిగాను కదా,” అంది దేదీప్యతో. “సీక్రెట్ అన్నావ్.”

ఆ వారమంతా స్కూల్ బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

శనివారం దేదీప్య ఓ సంచీ పట్టుకుని కిందికి వెళ్లింది. “మెట్ల మీద జారతావ్, రెయిలింగ్ పట్టుకో!” వెనకనుంచి అమ్మ కేక.

నళిని ఆంటీ తలుపు తీసింది. వంటింటి బల్ల మీద దేదీప్య అన్నీ పరిచింది. అరటిపండ్లు, పీనట్ బటర్ సీసా, బాదం పాల డబ్బా. లేబుళ్లన్నీ కావ్యశ్రీ వైపు తిప్పింది.

“సారీ. నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది,” అంది. “ఇవన్నీ చదువు. నువ్వు సరే అన్నవే వేస్తాను. మూత నువ్వే పెట్టు.”

కావ్యశ్రీ డబ్బా అందుకుని చదివింది. సీసా తిప్పి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. దేదీప్య తొందరపెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బయట ఎవరిదో కార్ వచ్చి ఆగింది, మళ్లీ వెళ్లిపోయింది.

“గ్లాసులు ఆ పై అరలో ఉన్నాయి,” అంది చివరికి కావ్యశ్రీ. “రెండు తియ్యి.”